మిగిలిన గదులను గూర్చి హిందూపురము, పెనుకొండ, ధర్మవరము లాడ్జీల యజమానులకు బహిరంగ లేఖ



గుంతకల్లునుండి బెంగుళూరునకు పోవు రైలుదారిమీద ధర్మవరము, పెనుకొండ, హిందూపురము అను మూడు పట్టణములలో రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట దిగు బాటసారులు ఎట్టివారో, వారికి ఏపాటి గది చాలునో, అందులకు వారెంత ఇచ్చుకొనగలరో మీకు తెలిసినంతగా, ఎక్కడో మహానగరమునందు కూర్చుండి మన ఊళ్ల పేర్లను కంప్యూటరు తెరమీద మాత్రమే చూచు వ్యాపారులకు తెలియదు. అందుచేతనే ఈ విన్నపమును ప్రభుత్వమునకు గాని ఆ వ్యాపారసంస్థలకు గాని పంపక, లాడ్జీలు నడుపుచున్న మీకే బహిరంగముగా వ్రాయుచున్నాను. మీ గదులలో రాత్రులు గడపినవాడను, మీ మేనేజర్లతో బేరమాడినవాడను, ఎక్కడ ఖాళీ ఉన్నదో తెలియక బస్టాండు ఎదుటి వీధిలో సంచి మోసికొని తిరిగినవాడను గనుక మీ మిగిలిన గదుల విషయమై నాలుగు మాటలు చెప్పుటకు నాకు కొంత అధికారము కలదనుకొనుచున్నాను.

పేరు చెప్పకమునుపే వెల పుచ్చుకొని గదులనమ్ము విచిత్రవ్యాపారమొకటి పాశ్చాత్యదేశములలో ఇరువదియేండ్లకు పైగా సాగుచున్నది. 1998లో అమెరికాలో జే వాకర్ అను వ్యాపారి ఆరంభించిన ప్రైస్‌లైన్ సంస్థ మొదట విమానపు టికెట్లను, పిమ్మట హోటలు గదులను ఈ రీతిగా అమ్మసాగినది: ప్రయాణికుడు తనకు ఏ నగరములో, ఏ పేటలో, ఎన్ని నక్షత్రముల హోటలు కావలెనో చెప్పి, తాను ఇయ్యదలచిన వెలను తానే పేర్కొని, తన క్రెడిట్ కార్డు అంకెను ముందుగానే అప్పగించవలసియుండెను, ఆ వెలకు సమ్మతించు హోటలు ఉన్నయెడల తక్షణమే సొమ్ము తరలిపోయెడిది, అటుపిమ్మట గాని ఆ హోటలు పేరేమో అతనికి తెలిసెడిది కాదు. 2000లో కొన్ని విమానసంస్థల పెట్టుబడితో వెలసిన హాట్‌వైర్ సంస్థ వెలను తానే చూపి, పేరును మాత్రము దాచినది. బ్రిటనులో లాస్ట్‌మినిట్ సంస్థ ఇట్టివానినే రహస్యపు హోటళ్లని పిలిచి అమ్మినది. ఇట్లు కొన్న గదిని మార్చుకొనుటకు సాధారణముగా వీలులేదు; ప్రయాణము మానుకొన్నచో సొమ్ము తిరిగి రాదు; మంచములు ఎన్ని కావలెనో కోరుకొను హక్కు ఉండదు. ఈ షరతులకు లోబడినవానికి ప్రకటితమైన వెలకంటె ఎంతో తక్కువకు మంచి గది దొరకుననుట మాత్రము నిజము.

పేరు దాచుటయెందుకని అడుగవచ్చును. హోటలు గది నిలువ ఉంచదగిన సరకు కాదు. ఈ రాత్రి అమ్ముడుపోని గది రేపు రెండు గదులై లేవదు. తెల్లవారుసరికి దాని వెల సంపూర్ణముగా నశించును. ఈ సంగతి మన ప్రాంతమువారికి ఒకరు నేర్పవలసినది కాదు. హిందూపురపు మార్కెట్టుకు పట్టుగూళ్లు తెచ్చు రైతునకు, కొద్ది దినములలో పురుగు చిలుకయై గూటిని తొలుచుకొని వెలువడుననియు, తొలిచిన గూటినుండి ఎడతెగని దారము రాదనియు తెలియును. అందుచేత ధర నచ్చకపోయినను అతడు సరకును ఇంటికి మరలించుకొని పోయి నెలల తరబడి దాచుకొనజాలడు. హోటలువాని స్థితియు అట్టిదే. అయితే, మిగిలిన గదిని సగము వెలకు ఇచ్చుచున్నానని అతడు బహిరంగముగా చాటినయెడల, పూర్తి వెల ఇయ్యగలిగినవారును ఆ సగము వెలకే కాచుకొందురను భయము కలదు. కాబట్టి, పేరుతో పనిలేక చవుకతనమే ముఖ్యమనుకొను బాటసారిని, పేరు చూచి స్థలము ఎంచుకొను బాటసారినుండి వేరుపరచుటకు ఈ రహస్యమొక తెరగా ఏర్పడినది. తెరకు ఈవల పూర్తి వెల, ఆవల తక్కువ వెల. ఈ యోచనలో వివేకము కలదని ఒప్పుకొనక తప్పదు.

కాని ఆ వివేకము ఏ నేలమీద పుట్టినదో ఆ నేలకే చెల్లును. ఒక పేటలో ఒకే తరగతి హోటళ్లు ముప్పదియో నలువదియో ఉన్న మహానగరములో ఏది దక్కినను ప్రయాణికునకు పెద్ద తేడా ఉండదు. వీధి చివర దిగవలసినవాడు వీధి మొదట దిగును, అంతే. మన పెనుకొండలో అట్లు కాదు. కొండక్రింది పాత ఊరిలోని గదికిని, జాతీయ రహదారి ప్రక్కన లేచిన క్రొత్త హోటలుకును, ఎర్రమంచి కార్ల కర్మాగారపు దిక్కున వెలసిన వసతిగృహమునకును నడుమనున్న దూరము, రాత్రి పదకొండు గంటలవేళ పసిబిడ్డతో రైలు దిగిన తల్లికి చిన్నది కాదు. అదిగాక, ఒక తరగతి గదులు నాలుగైదు చోట్ల మాత్రమే ఉన్న ఊరిలో, స్టేషనుకు దగ్గర, లిఫ్టు కలదు, ఏసీ కలదు అని వర్ణించిన మాత్రముననే అది ఏ లాడ్జియో ఊరివారు చెప్పగలరు. ఇంక ఆ రహస్యము ఎవరికి రహస్యము? ఊరు తెలియని పరదేశికి మాత్రమే. అనగా దాపరికముచేత నష్టపడువాడు సరిగా సాయము కావలసినవాడే యగుచున్నాడు.

మన గదులకు వచ్చువారెవ్వరో ఒకమారు తలపునకు తెచ్చుకొనుడు. హిందూపురమునకు వచ్చువారిలో లేపాక్షి వీరభద్రాలయమును, ఆ ఏకశిలానందిని చూడవచ్చు యాత్రికులు కొందరు. 2022లో లేపాక్షి యునెస్కోవారి తాత్కాలిక జాబితాలోనికి ఎక్కినప్పటినుండి దూరప్రాంతములవారికిని ఈ పేరు పరిచితమగుచున్నది. కాని అంతకంటె నిత్యముగా వచ్చువారు వేరు. గూళ్ల మూటలతో ముందురాత్రియే చేరి, వేలము ముగిసి తూకమై సొమ్ము చేతికందువరకు కాచుకొనియుండు రైతులు, చింతపండు, బెల్లము, ఎండుమిరప వ్యాపారముమీద సరిహద్దు దాటి వచ్చు కన్నడిగులు, పరిశ్రమలలో పనికి కుదురుకొనవచ్చిన పరరాష్ట్రపు యువకులు, వీరికి కావలసినది తలుపునకు గడియ ఉన్న గది, శుభ్రమైన దుప్పటి, తెల్లవారుజామున వేడినీరు. అద్దాల తలుపులును, స్వాగతపానీయమును వీరెవ్వరును అడుగరు. పట్టుగూళ్ల రైతు అయిదారు గంటల నిద్రకు ఇరువదినాలుగు గంటల అద్దె ఇచ్చుకొనలేక మార్కెట్టు అరుగుమీదనే దుప్పటి కప్పుకొని పడుకొనును. అదే రాత్రి, అక్కడికి కొద్దిదూరములోనే, మీ గదులు కొన్ని తాళము వేసి ఉండును. ఈ రెండు సంగతులును ఒకే ఊరిలో ఒకే రాత్రి జరుగుట నాకు ఎంతమాత్రమును సహింపరాకున్నది.

పెనుకొండ సంగతి మరియొకటి. 1565 నాటి యుద్ధము పిమ్మట విజయనగర రాజ్యమునకు రాజధానియై, గగనమహలు మొదలైన కట్టడములతో నేటికిని ఆ వైభవమును తలపించుచున్న ఈ ఊరికి, బాబయ్య స్వామి దర్గాకు మ్రొక్కులు తీర్చుకొనవచ్చు హిందువులును ముస్లిములును అనాదిగా అతిథులు. వీరిలో అధికసంఖ్యాకులు కుటుంబములతో వచ్చు సామాన్యులు. 2017లో కియా సంస్థతో రాష్ట్రప్రభుత్వమునకు ఒప్పందము కుదిరి, 2019లో ఎర్రమంచినుండి కార్లు వెలువడసాగిన పిమ్మట, నెలల తరబడి గదులు పుచ్చుకొను ఇంజనీర్లును, కొరియా దేశపు ఉద్యోగులును వచ్చిరి. వారికొరకు క్రొత్త వసతులు లేచినవి. అది మంచిదే. అయితే కంపెనీలు చెల్లించు వెలలనుబట్టి ఊరి వెలలన్నియు నిర్ణయమగుచో, ఉరుసునకు వచ్చు కుటుంబము దర్గా ఆవరణములో చాప పరచుకొనవలసినదేనా అని అడుగుచున్నాను.

ధర్మవరమన్ననో జంక్షను, పాకాల దారియు ఇక్కడనే కలియుచున్నది. బండి మారుటకు నడిరేయి దిగి, తెల్లవారుజామున మరల బయలుదేరువారు అనేకులు. పట్టుచీరలు కొనుటకు పెండ్లివారు వత్తురు, దుకాణదారులు వత్తురు, మగ్గములవారికి నూలు, జరీ అమ్మువారును వత్తురు. పుట్టపర్తికి ప్రశాంతినిలయము స్టేషను 2000లో ఏర్పడినను, ధర్మవరములో దిగి బస్సెక్కువారు ఇంకను కలరు. 1991నుండి అక్కడ ఉచితముగా శస్త్రచికిత్సలు చేయుచున్న ఆస్పత్రికి దేశపు నలుమూలలనుండి రోగులు వచ్చుచుండగా, వారి వెంట వచ్చిన అన్నదమ్ములో భార్యయో దారిలో ఒక రాత్రి ఇక్కడ నిలువవలసివచ్చును. చికిత్స ఉచితమైనను దారి ఖర్చు ఉచితము కాదు. అట్టివారి చేతిలోని ప్రతి వంద రూపాయలకును విలువ కలదు.

మన దేశములో పేరు దాచు అమ్మకము అమెరికాలోవలె విస్తరింపలేదు గాని, దానికి దాయాది యనదగిన పద్ధతి మన ఊళ్లకును వచ్చినది. తరతరములుగా ఊరివారు పిలుచుకొను లాడ్జి పేరును ఫోనులోని యాప్‌లో వెనుకకు నెట్టి, మహానగరపు సంస్థ పేరునకు ఒక అంకె తగిలించి చూపుదురు. ఆ అంకె ఆటోవానికి తెలియదు, టీ దుకాణమువానికి తెలియదు, పోలీసునకు తెలియదు. మూడు వందల రూపాయలు తగ్గినవని సంతోషించి బుక్ చేసికొన్న మనుష్యుడు, తెరమీది బాణపు గుర్తును నమ్మి నడచి నడచి, తీరా చేరినచోట తన బుకింగు తమకు అందలేదని చెప్పించుకొనుట నేను కన్నులార చూచినాను. సొమ్ము యాప్‌వారికి చేరినది. గది లాడ్జివారి చేతిలో ఉన్నది. అతడు ఇరువురి నడుమ వీధిలో నిలిచినాడు. ఆ లాడ్జి పేరు గాని ఆ యాప్ పేరు గాని ఇచ్చట వ్రాయను. ఎవరిదైనను సరే, ఒకసారి గదిని జాబితాకు ఎక్కించిన యజమాని ఆ తెరమీది మాటను తన మాటగానే నిలుపుకొనవలెను.

ఈ యాప్‌లవలన మీరు పడుచున్న బాధ నాకు తెలియనిది కాదు. ప్రతి గదిమీదను కమీషను. సంస్థవారు ప్రకటించు తగ్గింపు వెలలలో మీ పాలు. అన్నింటికంటె విడ్డూరముగా, ఆ తెరమీద చూపిన ధరకంటె తక్కువకు మీ గదిని మీరే మరియొకచోట అమ్మరాదను నిబంధన. ఈ ధరల సమానతా నిబంధన మొదలైనవానిని హోటళ్ల యజమానుల సమాఖ్య ప్రశ్నింపగా, భారత పోటీ కమిషను 19-10-2022న మేక్‌మైట్రిప్, గోఐబిబో సంస్థలకు 223.48 కోట్ల రూపాయలును, ఓయో సంస్థకు 168.88 కోట్ల రూపాయలును జరిమానా విధించినది; అట్టి నిబంధనలను తొలగింపవలసినదిగా ఆదేశించినది. ఆ సంస్థలు అప్పీలుకు పోయినవి. వ్యాజ్యము మాట ఎట్లున్నను, మీ గదికి మీరు వెల కట్టుకొనుట తప్పు కాదను సంగతి దేశములోని ఒక ఉన్నత సంస్థ నోట వెలువడినది గదా.

పన్ను విషయమునుగూడ ఇక్కడనే చెప్పెదను. రోజునకు 1,000 రూపాయలు మించని గదులకు 2022 జూలై 17 వరకు జీఎస్టీ లేదు. మరునాటినుండి నూటికి 12 చొప్పున పడినది. 22-9-2025 నుండి 7,500 రూపాయలలోపు గదులన్నింటికిని అది నూటికి 5కు తగ్గినది. పన్ను పెరిగిన నాడు బిల్లు వెంటనే పెంచినవారు, తగ్గిన నాడు అంత త్వరగా తగ్గింపవలదా? మరియొక సూక్ష్మము కలదు. సాలుసరి రాబడి 20 లక్షల రూపాయలు మించని చిన్న లాడ్జివాడు సాధారణముగా జీఎస్టీ నమోదు చేసికొననక్కరలేదు గనుక, నేరుగా వచ్చిన బాటసారిమీద ఆ భారము పడదు. అదే గది యాప్ ద్వారా అమ్ముడైనచో పన్ను కట్టవలసిన బాధ్యత యాప్ సంస్థది, మోయువాడు కడపట బాటసారి. కమీషను, పన్ను రెండును కలిసి తొలగినచో, మీకిప్పుడు దక్కుచున్న సొమ్మునకు లోటు లేకుండగనే నేరుగా వచ్చినవానికి యాప్ ధరకంటె చవుకగా గది ఇయ్యవచ్చును. ఇది దయాధర్మముమీద ఆధారపడిన మాట కాదు, లెక్క.

ఇక నేను కోరుచున్న దేమనగా, పాశ్చాత్యులు పేరు దాచి సాధించినదానిని మీరు వేళచేత సాధింపుడు. పగటి ధర ఒకటి, రాత్రి ఒక గడియ దాటిన పిమ్మట మిగిలిన గదుల ధర మరియొకటి. రెండును బోర్డుమీద వ్రాసి గుమ్మమున కట్టుడు. రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట సగము వెల అని ఒకరు వ్రాయవచ్చును, పది దాటిన పిమ్మట మూడవ పాలు తగ్గింపు అని మరియొకరు వ్రాయవచ్చును. మీ మీ ఖాళీలనుబట్టి మీరే నిర్ణయించుకొనుడు. అట్లు చాటినచో పగలు వచ్చువారును రాత్రివరకు కాచుకొందురని మీరు శంకింతురు. ఆలోచించి చూడుడు. పెండ్లి చీరలు కొనవచ్చిన కుటుంబము నలుగురాడువారిని, ఒక ముసలమ్మను వెంట బెట్టుకొని తొమ్మిది గంటలవరకు వీధిలో కూర్చుండదు. కంపెనీ సొమ్ముతో వచ్చిన ఇంజనీరు కాచుకొనడు. లేపాక్షి చూడవచ్చిన బెంగుళూరు యువదంపతులు వారము ముందే బుక్ చేసికొందురు. గది దొరకదేమో అను భయము వీరిని ముందే వచ్చునట్లు చేయును. ఆ భయమునకు ఓర్చుకొని కాచియుండువాడు మార్కెట్టు రైతు, బండి మారు బాటసారి, ఆస్పత్రి దారి పట్టిన నిరుపేద. వీరు తక్కువ వెలకు రానిచో ఎక్కువ వెలకు వచ్చువారు కారు; అసలే రారు. కావున వీరికి తగ్గించి ఇచ్చినందున మీ పగటి రాబడి చెడదు. తెల్లవారిన పిమ్మట సున్నయగు గది కొంత తెచ్చిపెట్టును. ఎవరు కాచుకొనగలరు, ఎవరు కాచుకొనలేరు అను తేడాయే చాలినంత తెర కాగా, పేరునకు ముసుగు వేయవలసిన పనియేమున్నది?

బోర్డు కట్టుట క్రొత్త మాట కాదు. 1867లో, ఆంగ్లప్రభుత్వమువారు చేసిన సరాయిల చట్టములోనే, బాటసారులకు బస ఇచ్చువారు తమ రుసుముల పట్టికను జిల్లా మేజిస్ట్రేటు నిర్దేశించిన చోట, నిర్దేశించిన భాషలలో ప్రదర్శింపవలెనని ఉండెను. గదులను, వసారాలను, కాలువలను, బావులను శుభ్రముగా ఉంచవలెననియు ఉండెను. నూట యేబదియేండ్లకు పూర్వము, చదువు వచ్చినవారు అరుదైన దినములలో, బాటసారికి వెల ముందుగా తెలియవలెనను ధర్మమును ఒక పరదేశప్రభుత్వము గుర్తించినది. నేడు, అరచేతిలో తెర ఉన్న కాలములో, వెల తెలిసిన చోట పేరు తెలియదు, పేరు తెలిసిన చోట వెల తెలియదు. మొదట ఒక అంకె చూపి, సొమ్ము చెల్లించు వేళకు సేవారుసుమని, సౌకర్యరుసుమని మరిరెండు అంకెలు కలుపుదురు. ఇట్లు బొట్టుబొట్టుగా ధర పెంచుటయు, ఇంకొక్క గదియే మిగిలినదని లేని తొందర కల్పించుటయు మోసపు పద్ధతులని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2023 నవంబరులో మార్గదర్శకములు వెలువరించి నిషేధించినది. ఇట్టి పద్ధతులకు లోనైనవారు 1915 అను అంకెకు ఫోను చేసి ఫిర్యాదు చేసికొనవచ్చునని చదువరులకును ఇక్కడనే తెలుపుచున్నాను.

మీ బోర్డు తెలుగులో ఉండవలెను. హిందూపురములో కన్నడమునను, పెనుకొండలో ఉర్దూలోను గూడ ఉన్నచో మరింత మేలు. దానిమీద మీ లాడ్జి అసలు పేరు, స్టేషనునుండియు బస్టాండునుండియు దూరము, పగటి ధర, రాత్రి ధర, వేడినీటి వేళ, మీ సొంత ఫోను అంకె ఉండిన చాలును. పట్టణమునకు ఒకటి చొప్పున మీరందరును కలిసి ఒక ఫోను అంకె ఏర్పరచి, దానికి అడిగినవారికి ఏ లాడ్జిలో ఈ రాత్రి ఏ వెలకు ఖాళీ ఉన్నదో చెప్పు మనుష్యుని ఒకనిని నియమింపగలిగినచో, రైలులోనుండియే బాటసారి విచారించుకొనును. అతని జీతము మీరందరును పంచుకొన్నను, ఇప్పుడు కమీషనుగా పోవుచున్నదానిలో అది ఏమంత భాగము? గంటల లెక్కకు గదులు ఇచ్చుటను గూర్చియు యోచింపుడు. నడిరేయి దిగి అయిదు గంటల బండికి పోవువానికి పూర్తి దినపు అద్దె వేయుట, మధ్యాహ్నము పండ్రెండు గంటలకే ఖాళీ చేయవలెనను నియమముచేత తెల్లవారుజామున చేరినవానివద్ద రెండు దినముల సొమ్ము పుచ్చుకొనుట, ఇవి చట్టమున తప్పు కాకపోవచ్చును. ఒకమారు అట్లు చెల్లించినవాడు రెండవమారు మీ గుమ్మము త్రొక్కడు.

ఇంకొక మాట చెప్పక మానజాలను. ఒంటరిగా వచ్చిన స్త్రీకి గది లేదని, ఆధారు కార్డుమీద ఈ జిల్లా చిరునామా ఉన్నవారికి గది లేదని పంపివేయు అలవాటు కొన్నిచోట్ల ఇప్పటికిని కలదు. యాప్‌లో సొమ్ము చెల్లించిన పిమ్మట గుమ్మమున ఈ మాట విన్నవారి దుఃఖమునకు మేర లేదు. ఆస్పత్రిలో భర్త ఉన్న స్త్రీ ఒంటరిగా గాక ఎవరితో రాగలదు? మడకశిరనుండి వచ్చి చివరి బస్సు తప్పిపోయిన రైతు ఈ జిల్లావాడు గాక ఎక్కడివాడు కావలెను? గుర్తింపుకార్డు చూచుకొనుడు, నకలు పుచ్చుకొనుడు, పోలీసువారు అడిగిన వివరములన్నియు పుస్తకములో వ్రాసికొనుడు. అంతటితో మీ బాధ్యత తీరును. మీకు మరి ఏవైన షరతులు ఉన్నచో వానినిగూడ ఆ బోర్డుమీదనే వ్రాయుడు; వ్రాయుటకు సంకోచము కలిగించు షరతును విడిచిపెట్టుడు.

అన్నియు ఒకేమారు జరుగునని నేననను. హిందూపురములో పట్టుగూళ్ల మార్కెట్టుకు చేరువనున్న లాడ్జీలవారు గూళ్లరాక అధికముగా ఉండు నెలలలో రాత్రి ధరను ప్రారంభింపవచ్చును. పెనుకొండవారు బాబయ్య ఉరుసు దినములకు. ధర్మవరమువారు పుట్టపర్తికి జనము విరివిగా పోవు నవంబరు 23కు ముందు వెనుకల వారములకు. అట్టి దినములలో ధరలు పెంచుటయే లోకరీతి యని నేనెరుగుదును. గదులన్నియు నిండిన నాడు రాత్రి ధర అను ప్రశ్నయే పుట్టదు గనుక మీకు నష్టము లేదు. ఒకటి రెండు మిగిలిన నాడు మాత్రము, స్టేషను బయటి మెట్లమీద కూర్చుండి తెల్లవారుటకై ఎదురు చూచువారికి ఆ సంగతి తెలియవలెను. అందులకై ధర్మవరము జంక్షను ఎదుట ఊరి లాడ్జీలన్నింటి పేర్లును రాత్రి ధరలును వ్రాసిన బోర్డు నిలుపుటకు రైల్వేవారిని, పురపాలక సంఘమువారిని అనుమతి అడుగుడు. ఆ దరఖాస్తుమీద బాటసారుల పక్షమున సంతకములు కావలసివచ్చినచో మొదటి సంతకము నేను చేసెదను. తక్కినవానిని బస్టాండులోను ప్లాట్‌ఫారముమీదను తిరిగి చేయించుకొని తెచ్చెదను.

ఇట్లు,
మీ ఊళ్ల మీదుగా తరచు ప్రయాణము చేయు ఒక బాటసారి